తృణమణిలోని చెదపురుగు

(తెలుగు సంఘ వార్షికోత్సవ సందర్భమున భిలాయి క్యాంప్ 1లో చేసిన ప్రసంగ పాఠము)

 

తెలుగు సంఘముల వార్షికోత్సవములందు సాహిత్యమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఈ పర్యాయము విజ్ఞానశాస్త్రమునకు సంబంధించిన విషయ మేదైనను చెప్పవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను శాస్త్రజ్ఞుడను కాను. బి.ఏ. పట్టము పుచ్చుకొని, సెక్రటేరియట్‌లో ప్రవేశించి, నోట్లు, డ్రాఫ్టులు, గెజిట్ ప్రకటనల నడుమ ఇరువది సంవత్సరములు గడపినవాడను. అయినను నేనెన్నుకొన్న విషయమును విన్నచో, దస్త్రములు వ్రాయువానికిని శాస్త్రజ్ఞునకును గల దూరము మనమనుకొనునంత లేదని మీకును తోచవచ్చును. కోట్ల సంవత్సరములకు పూర్వము చెట్టు బంకలో చిక్కుకొని, నేటికిని చెక్కుచెదరక నిలిచియున్న పురుగులకు శాస్త్రజ్ఞులు క్రొత్తగా పేరు పెట్టు విధానమే నా విషయము.

మన యిండ్లలో గుగ్గిలపు ధూపము వేయుట మీరెరుగుదురు. ఆ గుగ్గిలము సాలవృక్షపు బంక. ఈ ఛత్తీస్‌గఢ్ అడవులలో అడుగడుగునకు కనిపించునదియు, ఈ రాష్ట్రమునకు రాష్ట్రవృక్షమైనదియు ఆ చెట్టే. చెట్టునకు గాయమైనచోట బంక ఊరును. ఆ గాయమును మాన్పుకొనుటకు, పురుగులను దరిచేరనీయకుండుటకు చెట్టు చేసికొన్న యేర్పాటది. దారిన పోవు చీమయో, దోమయో దానిపై వ్రాలినచో కాళ్లు అంటుకొనును. పైనుండి మరియొక బొట్టు జారి దానిని పూర్తిగా కప్పివేయును. ఆ బంక ముద్ద నేలరాలి, వరదలో కొట్టుకొనిపోయి, బురదలో పూడి, గాలి సోకక లక్షల సంవత్సరములు పడియుండినచో అందలి తైలములు ఆవిరియై, అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని, గట్టిపడును. దానినే ఇంగ్లీషున అంబరు అందురు. సంస్కృతమున తృణమణి యని పేరు. ఉన్నిపై రుద్దినచో గడ్డిపోచలను ఆకర్షించును గనుక ఆ పేరు వచ్చినది. గ్రీకులు దీనిని ఎలెక్ట్రాన్ అనిరి. 1600లో విలియం గిల్బర్టు అను ఆంగ్లేయ వైద్యుడు ఈ ఆకర్షణ గుణమును గూర్చి వ్రాయుచు ఆ గ్రీకు మాటనుండియే క్రొత్త పదమును కల్పించెను. ఈనాడు మన కర్మాగారమును నడపు విద్యుత్తునకు ఐరోపా భాషలందు గల పేరునకు మూలము ఈ చెట్టు బంకయే.

తృణమణి యనగానే లోకమునకు బాల్టిక్ సముద్రతీరము జ్ఞాపకమునకు వచ్చును. కరీబియన్ సముద్రమున గల డొమినికన్ దేశమున, మన పొరుగుననున్న బర్మాలోని కచిన్ ప్రాంతమున కూడ ఇది విరివిగా దొరకును. బాల్టిక్ తృణమణి వయస్సు సుమారు 4 కోట్ల సంవత్సరములు. కచిన్ ప్రాంతముది సుమారు 9 కోట్ల 90 లక్షలు. మన దేశమున అట్టిది లేదని చాలకాలము తలచిన వారే యెక్కువ. గుజరాత్ రాష్ట్రమున సూరత్ జిల్లాలో వస్తాన్, తడకేశ్వర్ అను చోట్ల లిగ్నైటు గనులున్నవి. ఆ నల్లని పొరల నడుమ పసుపు పచ్చని, ఎర్రని బంక ముద్దలు బయల్పడినవి. ఈ ఖంభాత్ తృణమణిపై లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థకు చెందిన హుకుం సింగ్, ప్రాచీన జీవశాస్త్రమున పెద్దలైన ఆచార్య అశోక్ సాహ్నీ, రాజేంద్ర రాణా ప్రభృతులు, జర్మనీ దేశపు యెస్ రుస్ట్, అమెరికా దేశపు డేవిడ్ గ్రిమాల్డీ, మైఖేల్ ఎంగెల్ మొదలగు వారితో కలిసి పనిచేసిరి. 2010లో వారు తమ ఫలితములను ప్రకటించిరి. అప్పటికే 14 గణములకు, 55కు పైబడిన కుటుంబములకు, 100కు పైబడిన జాతులకు చెందిన కీటకములును, సాలీళ్లవంటి ప్రాణులును దొరికినవి. వయస్సు 5 కోట్ల నుండి 5 కోట్ల 20 లక్షల సంవత్సరములని నాడు లెక్కకట్టిరి; తరువాతి పరిశోధనలు దానిని మరికొంత వెనుకకు జరిపినవి.

ఇందు మనకు ముఖ్యముగా చెప్పదగిన సంగతి యొకటి కలదు. ఆ బంకను స్రవించిన చెట్టు ఏదియని రసాయన పరీక్షల చేతను, దానితోపాటు దొరికిన శిలీభూతమైన కలప చేతను పరిశీలింపగా, అది డిప్టెరోకార్పేసీ కుటుంబమునకు చెందినదని తేలినది. రెక్కలుగల కాయలు కాయు చెట్ల కుటుంబమది. మన సాలవృక్షము ఆ కుటుంబములోనిదే. వేసవి గాలికి సాలపు కాయలు గిరగిర తిరుగుచు నేలకు దిగుటను మీలో పలువురు చూచియుందురు. ఉత్తరాంధ్ర మన్యమున పెరుగు సాలవృక్షమును, శేషాచలపు కొండలలోని జాలారి, తంబ చెట్లును ఆ వంశమువే. అనగా గుజరాత్ గనిలోని తృణమణి మన గుగ్గిలమునకు ఐదు కోట్ల యేండ్ల నాటి జ్ఞాతి యన్నమాట.

ఇక పురుగులను గూర్చి. 2011లో ఎంగెల్, గ్రిమాల్డీ, నాసింబీన్, హుకుం సింగ్ కలిసి ఈ తృణమణిలోని చెదపురుగులను గూర్చి ఒక వ్యాసమును ప్రకటించిరి. దస్త్రములతో పొట్టపోసికొను మావంటివారికి చెదపురుగు పరమశత్రువు. ఆ శత్రువు వంశవృక్షము ఎంత ప్రాచీనమో ఆ వ్యాసము తెలుపుచున్నది. నాలుగు క్రొత్త జాతులను, మూడు క్రొత్త ప్రజాతులను వారు వర్ణించిరి. ఒకదానికి పారాస్టైలోటెర్మీస్ కృష్ణై యని పేరు పెట్టిరి. చెదపురుగుల శాస్త్రమునకు జీవితమును ధారపోసిన కుమార్ కృష్ణగారి గౌరవార్థము పెట్టిన పేరది. రెండవది ప్రోస్టైలోటెర్మీస్ కంబోజ. మూడవది జోఫోటెర్మీస్ అశోకీ. అందు అశోక్ సాహ్నీగారి పేరు నిలిచినది. నాలుగవది నానోటెర్మీస్ ఐజాకే. నేడు జీవించియున్న చెదజాతులలో ఎక్కువభాగము టెర్మిటిడే అను ఒకే కుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబమునకు నిస్సందేహమైన సాక్ష్యములలో నాటికి తెలిసినంతవరకు అతి ప్రాచీనమైనది ఈ నాలుగవ పురుగు. మన వీధిలో గుమ్మము తినివేయు చెదకు పెద్దతాత ఆనవాలు మన దేశపు గనిలోనే దొరికినదని గ్రహింపుడు.

ఒక పురుగును చూచి "ఇది క్రొత్త జాతి" యని చెప్పుట యెట్లు? ఇచ్చటనే నాకు మా కార్యాలయము జ్ఞాపకమునకు వచ్చినది. మొదట తృణమణి ముక్కను సన్నని రంపముతో కోసి, పురుగునకు వీలైనంత సమీపమువరకు సానపట్టి, మెరుగుపెట్టుదురు. ముక్క పగులకుండ కృత్రిమమైన జిగురులో పొదుగుదురు. పిమ్మట సూక్ష్మదర్శినిక్రింద స్పర్శశృంగముల కణుపులను, రెక్కల ఈనెలను, కాళ్లపై ముండ్లను, దవడల పండ్లను లెక్కించి చిత్రములు గీయుదురు. కొన్నిచోట్ల ఎక్స్‌రే కిరణములతో అడ్డుకోతలు తీసి లోపలి భాగములనుకూడ చూచుచున్నారు. ఖంభాత్ తృణమణికి మరియొక విశేషమున్నది. ఇది పూర్తిగా గట్టిపడలేదు. కొన్ని ద్రావకములలో కరగిపోవును. అందుచేత పురుగును చెక్కుచెదరకుండ బయటకు తీయవచ్చును. దాని చర్మముపై సూక్ష్మాతిసూక్ష్మమైన గీతలుకూడ నిలిచియుండును.

అంతట దస్త్రము తయారగును. ఆ దస్త్రమున నాలుగు భాగములు ముఖ్యములు. మొదటిది, ఈ పురుగు తన బంధువులనుండి ఏ యే లక్షణములచే వేరగుచున్నదో చెప్పు సంగ్రహము. రెండవది, తలనుండి తోకవరకు సమగ్రమైన వర్ణన, కొలతలు. మూడవది, ఏ ఒక్క పురుగును ఆధారముగా గొని ఆ పేరు పెట్టిరో ఆ ప్రతిరూపము. దానిని హోలోటైపు అందురు. అది ఏ సంస్థలో, ఏ సంఖ్యక్రింద భద్రపరుపబడినదో వ్రాయవలెను. రేపు ఎవరికైన సందేహము కలిగినచో ఆ సంస్థకు పోయి ఆ పురుగునే చూడవలెను. వ్రాసిన మాట కంటె అదియే ప్రమాణము. నాలుగవది, పేరునకు వ్యుత్పత్తి.

పేరు పెట్టినంత మాత్రమున చాలదు. మంత్రిగారు సంతకము చేసినను గెజిట్‌లో పడువరకు ప్రకటన అమలులోనికి రానట్లే, ముద్రణ పొందువరకు ఆ పేరునకు ఉనికి లేదు. అంతర్జాతీయ జంతునామ నియమావళి యని యొకటి కలదు. దాని నాల్గవ కూర్పు 2000 జనవరి 1 నుండి అమలులోనున్నది. 1758లో లిన్నేయస్ ప్రకటించిన గ్రంథపు పదవ కూర్పునుండి లెక్క ప్రారంభము. ఒకే ప్రాణికి ఇరువురు రెండు పేర్లు పెట్టినచో సాధారణముగా ముందు ప్రకటింపబడినదే నిలుచును. మన సీనియారిటీ జాబితా వంటిదే ఇదియును. ఎవరు పెద్ద శాస్త్రజ్ఞుడను ప్రశ్న లేదు, ఏ తేది ముందన్నదే ప్రశ్న. 2012లో చేసిన సవరణ ప్రకారము అచ్చుకాగితము లేక ఎలక్ట్రానిక్ రూపమున వచ్చు ప్రకటనలనుకూడ ఒప్పుకొనిరి. అయితే ముందుగా జూబ్యాంకు అను పట్టికలో నమోదు చేయవలెను.

ఇంత పట్టుదల యెందుకని మీరడుగవచ్చును. మోసము కూడ ఇందు కలదు గనుక. లండన్ ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో బాల్టిక్ తృణమణిలోని ఈగ యొకటి యుండెను. నేడు మన చుట్టు తిరుగు ఒక ఈగ జాతియే కోట్ల సంవత్సరములుగా మార్పు లేక నిలిచినదని దానిని జూచి ఆశ్చర్యపడిరి. 1966లో హెన్నిగ్ అను సుప్రసిద్ధుడైన జర్మన్ కీటకశాస్త్రజ్ఞుడు సయితము దానిని నిజమని గ్రహించి పరిశీలించెను. 1993లో ఆండ్రూ రాస్ అను యువకుడు దానిని సూక్ష్మదర్శినిక్రింద నుంచగా, దీపపు వేడికి చుట్టును ఒక బీట కనబడినది. ఎవరో పూర్వకాలపు మోసగాడు తృణమణిని రెండుగా కోసి, ఒక చెక్కను తొలిచి, మామూలు ఈగను అందు పెట్టి అతికించినాడు. ఆ హోదా, ఆ సంస్థ, ఆ పండితుని పేరు ఏవియు ఆ అబద్ధమును నిజము చేయలేకపోయినవి. ప్రతిరూపమును భద్రపరచి యుంచిరి గనుకనే, నూరు సంవత్సరములకు పైబడినను, ఆ తప్పును దిద్దుకొనుటకు వీలైనది.

పిల్లలు తప్పక అడుగు ప్రశ్న యొకటి యున్నది. 1993లో వచ్చిన జురాసిక్ పార్కు చలనచిత్రమున తృణమణిలోని దోమ కడుపునుండి రాక్షసబల్లి రక్తమును తీసి ఆ జంతువును మరల పుట్టించిరి గదా, అది సాధ్యమా యని. సాధ్యము కాదు. జీవుల వంశలిపియైన డి.ఎన్.ఏ. కాలక్రమమున ముక్కలై నశించును. 2013లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమువారు తృణమణికంటె ఎంతో లేతదైన కోపల్ అను బంకలోని తేనెటీగలను పరీక్షించియు డి.ఎన్.ఏ. ఆనవాలు కనుగొనలేకపోయిరి. తృణమణి మనకు ఇచ్చునది రూపము, ప్రాణము కాదు.

ఆ రూపమునుండి ఏమి నేర్చుకొంటిమి? భారతభూభాగము దక్షిణార్ధగోళపు గోండ్వానా మహాఖండమునుండి విడివడి, కోట్ల సంవత్సరములు సముద్రమున ఒంటరిగా ఉత్తరమునకు సాగి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను తాకినది. అంతకాలము ద్వీపముగానుండిన భూమిపై ఇతరత్ర లేని ప్రాణులే నిండియుండవలెను గదా! గుజరాత్ తృణమణి అట్లు చెప్పలేదు. అందలి తేనెటీగలకు, చెదలకు ఐరోపాలోని నాటి కీటకములతో చుట్టరికమున్నది. కొన్నిటి బంధువులు నేడు ఆస్ట్రేలియా ప్రాంతమునను, ఉష్ణమండలపు అమెరికాలోను ఉన్నారు. అనగా ఆసియాను ఢీకొనుటకు కొంచెము ముందో, వెంటనేయో ఈ ద్వీపమునకు రాకపోకలు సాగుచునే యుండెను. ఒక మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల పురుగు ఒక ఉపఖండపు ప్రయాణమునకు సాక్ష్యము చెప్పుచున్నది. ఆగ్నేయాసియాలో నేటికిని ఆ డిప్టెరోకార్ప్ అడవులే విస్తరించి యున్నవి.

మన తెలుగుసీమలో తృణమణి కీటకముల కథ లేకున్నను, రాతిలోని కీటకముల కథ కలదు. ప్రాణహిత గోదావరిలో కలియు ప్రాంతమున, సిరోంచకు చేరువగానున్న కోట గ్రామపు పేరిట కోట శిలాసముదాయమని భూగర్భశాస్త్రజ్ఞులు వ్యవహరించు పొరలున్నవి. అవి జురాసిక్ యుగపువి. నదికి ఈవల తెలంగాణలోనికిని వ్యాపించియున్నవి. అచటి సున్నపురాతిలో చేపలతోపాటు కీటకముల రెక్కల ముద్రలు, పేడపురుగులవంటి వాని గట్టి రెక్కడిప్పలు దొరికినవి. రాతిలో పురుగు అణగిపోయి ముద్రమాత్రమే మిగులును. తృణమణిలో కాలు, మీసము, వెంట్రుకతో సహా నిలుచును. భేదమదియే. ఆ పొరలలోనే రాక్షసబల్లుల యెముకలును దొరికినవి. రవీంద్రుని శతజయంతి వత్సరమున త్రవ్వకము సాగిన ఒకదానికి 1975లో బారపాసారస్ టాగోరై యని పేరుపెట్టిరి. నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద దొరికిన మరియొకదానికి 1988లో యాదగిరిగారు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణము చేసిరి. దాని అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున మీరు చూడవచ్చును. ఒక తెలుగు పల్లె పేరును ప్రపంచములోని శాస్త్రజ్ఞులందరు పలుకవలసి వచ్చినది.

ఇక నా మనస్సులోని అసలు విషయమునకు వత్తును. వస్తాన్ గనిని త్రవ్వినది పురుగులకొరకు కాదు, లిగ్నైటుకొరకు. ఆ లిగ్నైటు విద్యుత్కేంద్రమునకు పోయి మండును. శాస్త్రజ్ఞులు యంత్రముల వెనుక, లారీల ముందు తిరిగి ఏరుకొన్నవి మాత్రమే మిగిలినవి, తక్కినవి బూడిదయైనవి. గని త్రవ్వనిచో ఆ పొర మనకు కనబడదు. త్రవ్వినచో అది మిగులదు. ఈ చిక్కును తప్పించుకొనుటకు వీలులేదు. ఆ రెండింటి నడుమ దొరకు కొద్దికాలమును వినియోగించుకొనుట యొక్కటే మార్గము. మనమెవ్వరము గని వద్దనువారము కాము. బొగ్గు లేనిదే ఉక్కు లేదు. ఉక్కు లేనిదే ఈ ఊరు లేదు.

బర్మాలోని సంగతి ఇంతకంటె విచారకరమైనది. కచిన్ ప్రాంతపు తృణమణి గనులపై సైన్యమునకును, సాయుధ తిరుగుబాటుదారులకును పోరాటము జరిగినది. 2017లో సైన్యము ఆ గనుల ప్రాంతమును ఆక్రమించుకొన్నది. అచటి ముక్కలు అంగడిలో అమ్ముడై, పలు దేశములకు చేరినవి. 2020లో పృష్ఠవంశ ప్రాచీనజీవ శాస్త్రజ్ఞుల సంఘము ఆ సొమ్ము యుద్ధమునకు తోడ్పడునని చెప్పి, అట్టి ముక్కలపై వ్రాసిన వ్యాసములను ప్రచురింపకుండుడని పత్రికలను కోరినది. ఒక వంక విజ్ఞానము, మరియొక వంక మనుష్యుల నెత్తురు. ఎంత అపూర్వమైన పురుగైనను, అది ఎట్లు చేతికి వచ్చినదను ప్రశ్నను దాటిపోరాదని ఆనాడు పలువురు శాస్త్రజ్ఞులే నిశ్చయించిరి.

మన దేశమున 2022 డిసెంబరులో గనుల మంత్రిత్వశాఖవారు భూవారసత్వ స్థలముల, అవశేషముల రక్షణకొక చట్టపు ముసాయిదాను ప్రజల యెదుట ఉంచిరి. చట్టములు వ్రాయు పనిలో కొంత అనుభవముగల నేను మీకు చెప్పగలిగినది ఇది: పేరులేని వస్తువును ఏ చట్టమును రక్షింపలేదు. జాబితాకు ఎక్కవలెనన్న వర్ణన కావలెను. వర్ణనకు ప్రతిరూపము కావలెను. ప్రతిరూపము దొరకవలెనన్న అది పడియున్నచోట ఒక మనుష్యుడు వంగి చూడవలెను. దస్త్రమంతయు ఆ వంగి చూచిన క్షణముపై ఆధారపడియున్నది.

ఆ మనుష్యుడు పెక్కుమార్లు శాస్త్రజ్ఞుడు కాడు; గనిలో పనిచేయువాడు. అందుకే ఈ మాటలు ఈ ఊరిలో చెప్పదలచితిని. 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు మొదటి కొలిమిని ప్రారంభించిన ఈ కర్మాగారమును నిలబెట్టుటకు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి ఈ క్యాంపులో కాపురముండిన తెలుగువారి బిడ్డలు మీలో ఎందరో కలరు. మీ బంధువులు గనులలోను, క్వారీలలోను, రోడ్డు పనులలోను ఉన్నారు. దల్లీ రాజహరా ఇనుపరాయి, నందిని సున్నపురాయి కీటకములు పుట్టుటకు ఎంతో పూర్వపువి. వానిలో పురుగులకై వెదకి కాలము వ్యర్థము చేసికొనకుడు. కాని బొగ్గు పొరల నడుమనుండు పలుచని బిళ్లరాళ్లలో ఆకుల ముద్రలు సాధారణముగా కనబడును. అరుదుగా రెక్క ముద్రయు కనబడవచ్చును.

అట్టిది కంటబడినచో చేయవలసినది స్వల్పము. దానిని కడుగకుడు, గీరకుడు. దొరికిన స్థలము, లోతు, పొర, తేది ఒక కాగితముపై వ్రాసి దానితోనే యుంచుడు. రెండు ముక్కలైనచో రెండును ఉంచుడు. తరువాత భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారికిగాని, సమీపమున గల కళాశాలలోని భూగర్భశాస్త్ర ఆచార్యులకుగాని తెలుపుడు. స్థలము తెలియని రాయి ఎంత అందమైనదైనను, తేదీలేని ఉత్తరము వంటిది. దస్త్రమున చేర్చుటకు పనికిరాదు.

ఒక ముసలి సాలవృక్షపు జ్ఞాతి తన గాయమును మాన్పుకొనుటకు కార్చిన బొట్టులో చిక్కిన చెదపురుగునకు ఐదు కోట్ల సంవత్సరముల పిమ్మట ఒక భారతీయుని పేరు పెట్టిరి. ఆ గనిలో లారీలోనికెక్కి కాలిపోయిన పురుగులలో ఎన్ని జాతులుండెనో వానికి పేర్లు లేవు, ఇక రాబోవు. మన పిల్లలలో ఒక్కరైనను ఆ వంగి చూచు అలవాటు నేర్చుకొందురేని, ఈ సాయంకాలము మీరు నాకిచ్చిన గంట వ్యర్థము కాలేదని భావింతును.